బస్సెక్కిన నల్ల చిలువ

శుక్రవారం పొద్దున ఏడింటికి గంగారాం ఫోన్ చేశాడు. జగిత్యాల దగ్గరి మనిషి, ప్రపంచ కప్పు కోసం కడుతున్న స్టేడియంలో ఇనుము కట్టే పని.

"నువ్వు కొల్లేరోనివి గదా తమ్మీ, జల్ది రా. సైటు రోడ్డు మీద బాతు దొరికింది. సక్కగ నడుస్తలేదు, ఎగుర్తలేదు. ఈడ రూమోళ్ళు మసాలా నూరుతున్రు!"

ఈ అరబ్బు దేశంలో, మదీనత్ ఖలీఫా అనే పేటలో నేనొక ఇంటి డ్రైవర్ని. ఆ రోజు సాయంత్రం దాకా డ్యూటీ లేదు. రెండు బస్సులు మారి, ఏషియన్ టౌన్ పక్కనున్న వాళ్ళ క్యాంపుకి తొమ్మిదింటికి చేరాను.

నీళ్ళ సీసాల అట్టపెట్టెలో ముదురు గోధుమరంగు బాతు. పసుపు కళ్ళు, తల వెనక బుల్లి జుట్టు. చూడగానే పోల్చుకున్నాను. నల్ల చిలువ! పేరుకి తగ్గట్టు నల్లగా ఉండేది మగది, ఇది ఆడది. ఉత్తరాన సరస్సులు గడ్డకట్టే వేళకి దిగివస్తాయి. మా కొల్లేటికీ వచ్చేవి.

"దెబ్బేం తగల్లేదన్నా. ఇది మునిగి నత్తల్ని తినే బాతు. కాళ్ళు బాగా వెనక్కుంటాయి, నేల మీద తడబడుద్ది. నీళ్ళ మీద పరిగెత్తి లేవటమే దీనికి అలవాటు. మెరిసే తారురోడ్డుని చూసి చెరువనుకుని ఉంటది."

వంట చేసే సాయిలు పెట్టెలోకి తొంగిచూశాడు. "తొమ్మిది మందికి తలా ముక్క గూడ రాదు, తీస్కపోండ్రి" అంటూ తనే పెట్టెకి గాలి కన్నాలు పొడిచాడు.

దాన్ని నీళ్ళలో వదలాలని ఇద్దరం బయల్దేరాం. బస్సులో పెట్టె గంగారాం ఒళ్ళో ఉంది. పక్క సీటు నేపాలీ "డబ్బేమే క్యా హై భాయ్?" అని పెట్టెలో ఏముందో అడిగాడు.

"మొబైల్."

పెట్టె "కర్ర్" మంది.

"వైబ్రేషన్‌ల ఉంది" అన్నాడు గంగారాం.

శుద్ధి చేసిన మురుగునీటిని వదిలే చెరువు ఊరి బయట ఎడారిలో ఉంది. బస్సు సగం దాకానే. అక్కడి నుంచి ఓ పఠాన్ తన నీళ్ళ ట్యాంకర్లో ఎక్కించుకున్నాడు. సంగతి విని, "మెహమాన్ హై! యల్లా!" అని, అతిథి కాబట్టి కిటికీ పక్క సీటు బాతుకే ఇప్పించాడు. మేమిద్దరం ఇరుక్కుని కూర్చున్నాం.

రెల్లు పొదల నడుమ చెరువు నిండా బాతులే. పెట్టె తెరిస్తే మాది కదల్లేదు. గంగారాం చెయ్యి పెడితే వేలు కరిచింది. తర్వాత తూలుకుంటూ వెళ్ళి నీళ్ళలో జారి, బుడుంగున మునిగింది. ఎంతకీ తేలలేదు.

"మునిగిపాయె తమ్మీ! చేతులార సంపిన!"

ఆపేలోగా గంగారాం మోకాటి లోతు బురదలో దిగబడ్డాడు. అప్పుడు దూరంగా, తన జాతి వాళ్ళ మధ్య, తేలింది మా బాతు. తల విదిల్చి, నీటి మీద టపటపా పరుగెత్తి గాల్లోకి లేచింది. గంగారాం బురదలో నిలబడే చప్పట్లు కొట్టాడు. అతన్ని లాగడానికి పఠాను, నేను ఇద్దరం కావలసి వచ్చింది.

ఆ చెరువు చూడదలచినవారు చలికాలంలో వెళ్ళండి. ఒడ్డు మీదే ఉండండి.

తిరుగు బస్సులో మా బురద వాసనకి పక్కన ఎవరూ కూర్చోలేదు. నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఎవరెక్కడికంటే అక్కడికి బండి తోలాను. నాకు నేనుగా బయల్దేరిన ప్రయాణం మాత్రం ఇదొక్కటే.

గంగారాం భార్య ఫోన్ చేసింది. ఏ అరబ్బు దేశమైనా ఆమెకి దుబాయే. "పొద్దటి సంది ఫోనెత్తవేంది?"

"ఒకర్ని సాగనంపనీకి పోయినమే. ఉత్తరం దిక్కోళ్ళు. దారి తప్పి గీడ దిగిన్రు."

"అయ్యో, దుబాయ్‌ల ఎవ్వలు లేక ఎంత తిప్పలైందో!"

గంగారాం నా వైపు చూశాడు.

"లేకేంది, మేమున్నం గదా."