కొత్తవాడ మగ్గం మీద ఫూజీ కొండ

వాన ముసురు పట్టినప్పుడల్లా మగ్గం పక్కన గోడకు ఆనించిన నా చేతికర్ర నుంచి కాలిన చెక్క వాసన వస్తుంది. జపాన్‌లో ఫూజీ కొండ ఎక్కేవాళ్లు అలాంటి కర్ర పట్టుకుంటారు. దారిలో ఒక్కో మజిలీలో ఎర్రగా కాల్చిన ఇనుముతో దానిమీద ముద్ర వేస్తారు. ఆ వాసన తగిలితే నాకు కొండకంటే ముందు రాజమల్లు కాక గుర్తొస్తాడు. సముద్రం కూడా చూడని మనిషి, నన్ను ఆ కొండ ఎక్కించాడు.

కొత్తవాడలో మా పక్కిల్లు ఆయనది. నేలమీద పరిచే దర్రీల నేత నాకు నేర్పింది ఆయనే. ఒకసారి జపాన్ నుంచి ఒక పెద్దావిడ వచ్చి, ఫూజీని నాలుగు కాలాల్లో నాలుగు దర్రీలుగా నేసిమ్మంది. వసంతంలో కొండ కింద గులాబీరంగు పూలు, వేసవిలో మంచు కరిగి ఎర్రబడ్డ మట్టి, ఆకులు పండే రోజుల్లో పసుపు, చలికాలంలో తెలుపే తెలుపు. చారలూ గడులూ నేసే వాడలో కొండలు నేస్తారా అని నవ్వినవాళ్లున్నారు. కాక ఆవిడ ఇచ్చిన ఫోటోలను మగ్గానికి కట్టి పనిలో పడ్డాడు. మూడు దర్రీలు ముచ్చటగా దిగాయి.

చలికాలపు కొండ దగ్గర దెబ్బతిన్నాం. వెడల్పు దర్రీకి ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. ఎడమ సగం నాది, కుడి సగం ఆయనది. నేత కింది నుంచి పైకి సాగుతుంది, నేసింది నేసినట్టు మగ్గం దూలానికి చుట్టుకుపోతుంది. కొన దగ్గరికొచ్చాక పరిచి చూస్తే కొండ ఒరిగి ఉంది. పోగులను అణిచే ఇనుప పళ్ల పంజాతో ఒకరు గట్టిగా, ఒకరు మెల్లగా కొడితే అంతే. తప్పు నాదేననుకుని ఏడుపొచ్చింది. గడువు పది రోజులే ఉంది. అంత దూరంలో ఎవరు చూస్తారు కాకా అన్నాను.

"వాళ్లు ఆ కొండకు మొక్కుతరు బిడ్డా. మన మల్లన్న గుడిని వంకర నేస్తే నువ్వు ఊకుంటవా? ఇప్పు."

రెండు రోజులు విప్పాం. మూడోరోజు పొద్దున నలుగురూ చూస్తుండగా తన పంజా నా చేతిలో పెట్టాడు.

"తప్పు నీది కాదు, నాది. చేతిల బలం తగ్గింది. ఇగ రెండు దిక్కులు నువ్వే నెయ్యి."

వాడంతా ఉస్తాద్ అని పిలిచే మనిషి అన్న మాట అది. గడువు రోజున కొన మీద చివరి తెల్ల పోగు వేశాను.

ఆ దర్రీల ప్రదర్శనకు పెద్దావిడ నన్ను జపాన్‌కు పిలిపిస్తే, కొండ ఎక్కుతానని పట్టుబట్టాను. అది వేసవి. నేను నేసిన తెలుపు ఎక్కడా లేదు, కాలికింద ఎర్ర, నల్ల కంకర. అడుగు వేస్తే సగం వెనక్కి జారేది. ఎనిమిదో మజిలీలో తలనొప్పికి తట్టుకోలేక దిగిపోదామనుకున్నాను. కొన నేసి కొన చూడకుండా కాకకు ముఖమెలా చూపించను? కాసేపు కూర్చుని మళ్లీ లేచాను. పైన, మబ్బుల్లోంచి పొద్దు పొడుస్తుంటే జనం చేతులు జోడించారు. నేనూ జోడించాను. ఈ కొండను నేసిన చేతులివి అని గర్వంగా వాటివైపు చూసుకున్నాను.

తిరిగొచ్చాక కాక నా కర్ర మీది ముద్రలను వేలితో తడుముతూ, కొన మంచిగున్నదా అని అడిగాడు. పైకెక్కితే కొన ఉండదని, ఒకప్పుడు నిప్పులు కక్కిన ఊరంత గుంట ఉందని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"మనం గుంట నెయ్యలే గద బిడ్డా. మళ్ల ఇప్పాల్నా?"

కింది నుంచి అది ఎవరికీ కనబడదని ఒట్టేసి చెప్పేదాకా ఆయన కుదుటపడలేదు.

ఇప్పుడు కాక లేడు. పంజా నా దగ్గరుంది. నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు వంకరపోయిన నేత చూసి, ఎవరు చూస్తరక్కా అంటారు. వాళ్ల పక్కన కూర్చుని, ముందు నా సగం విప్పుతాను.