కువైట్ అబ్బాయి ఆలస్యంగా ఎందుకొచ్చాడు

మొన్న నారాయణగూడలో పెట్రోలు బంకు ముందు బండ్ల వరస రోడ్డు సగం దాకా పాకి, నేనెక్కిన ఆటో అందులో ఇరుక్కుపోయింది. గల్ఫు దిక్కు మళ్ళీ లడాయి అయితదట, రేపటి సంది పెట్రోలు దొరకదట అని ఆటో అబ్బాయి పరేషాన్ అవుతుంటే, అయ్యో అనడానికి బదులు, ఈ పుకారు పుట్టించింది బంకువాడేనేమో అనుకున్నాను. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఆ బుద్ధి నాది కాదు, మా నాన్నది.

మా నాన్నకు సర్కారు నౌకరీ ఉండేది, చిక్కడపల్లిలో సొంత ఇల్లు ఉండేది, లేనిదల్లా మనుషుల మీద నమ్మకం. కూరగాయల మార్కెట్లో తూకం అయిపోయాక తక్కెడ సిబ్బెలు అటూ ఇటూ మార్పించి మళ్ళీ తూయించేవాడు. పేపరులో ఏ వార్త చదివినా, ఇంటికి ఎవరొచ్చి ఏ మంచిమాట చెప్పినా, ఇందుల ఎవనికి ఫాయిదా అన్నది ఆయన మొదటి ప్రశ్న, చాలాసార్లు చివరి ప్రశ్న కూడా అదే.

తొంభైలో నాకు సంబంధాలు చూస్తున్నారు. మా చిన్నమ్మ తోటికోడలికి ఒక తమ్ముడు, కువైట్‌లో ఏదో కంపెనీలో స్టోర్‌కీపరు, సెలవుల మీద వచ్చి అశోక్‌నగర్‌లో అక్కగారింట్లో ఉన్నాడు. అతను చూపులకు వచ్చిన సాయంత్రం సరిగ్గా ఫలహారాల వేళకు కరెంటు పోయింది. అందరూ మాటల్లో ఉండగా అతను లేచివెళ్ళి మా నాయనమ్మ చేతిలోంచి విసనకర్ర తీసుకుని, కరెంటు వచ్చేదాకా ఆమెకు విసురుతూ కూర్చున్నాడు. నాకు బాగా నచ్చాడు. ఇదంతా మెప్పు కోసమా అని కూడా ఒక్క క్షణం అనుకున్నాననుకోండి, మా నాన్న కూతుర్నే కదా. మొత్తానికి సంబంధం ఖాయమైంది, పెళ్ళి దీపావళి వెళ్ళాక అనుకున్నారు, అతను కువైట్ వెళ్ళిపోయాడు.

శ్రావణంలో ఇరాక్ సైన్యం కువైట్‌లో దూరింది.

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి, రేషను షాపుల ముందు కిరోసిను డబ్బాల వరసలు, పెట్రోలు ధర విని స్కూటర్లు ఇంట్లోనే పెట్టి బస్సులెక్కిన ఉద్యోగులు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి పరీక్షలకు చదివే పిల్లలు టీ కొట్టు దగ్గర నిలబడి యుద్ధానికి కారణాలు, పర్యవసానాలు అని ఒకరికొకరు ఒప్పజెప్పుకునేవారు. ఎనిమిదేళ్ళు పక్క దేశంతో కొట్లాడి అప్పులపాలైనవాడు అప్పిచ్చినవాడి దేశాన్నే ఆక్రమించాడని, వాణ్ణి వెళ్ళగొట్టడానికి అమెరికా సైన్యాలు దిగుతున్నాయని వాళ్ళు చెబితే, నాన్న అంతా విని వాళ్ళనే అడిగేవాడు.

“నిన్నమొన్నటిదాంక వాన్ని ఎగదోసినోళ్ళే గదా ఇయ్యాల వాని మీదికి పోతున్నది? ఆడ నూనె లేకుండ ఉట్టి ఇసుకనే ఉంటే వీళ్ళల్ల ఒక్కడన్న కదులుతుండెనా?”

నిజానికి ఆ మాట నేనిప్పటికీ కాదనలేను.

మా ఇంట్లో మాత్రం యుద్ధమంటే ఒక్క మనిషి సంగతే. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. అమ్మ దేవుడి గూడు ముందు నిలబడితే నేను రేడియో ముందు కూర్చునేదాన్ని. జోర్డాన్ మీదుగా మనవాళ్ళను విమానాల్లో బొంబాయి చేరుస్తున్నారని విన్నాం. బతుకమ్మ పండుగ నాటికి నల్లకుంటలో ఇద్దరు, దోమలగూడలో ఒకాయన ఇళ్ళకు చేరారు. మా కువైట్ అబ్బాయి దీపావళి ముందర, సగం మనిషై, చేతిలో ఒక్క సంచితో దిగాడు. నేను ఆ రాత్రి దుప్పటి ముసుగు పెట్టుకుని సంతోషంతో ఏడ్చాను. నాన్న మాత్రం, అందరూ ముందే వస్తే ఇతనెందుకు వెనకబడ్డట్టు అన్నాడు.

ఆ సంగతి తేల్చుకోవడానికి అతన్ని మళ్ళీ ఇంటికి పిలిపించాడు. ఈసారి చూపులు అబ్బాయికి. నేను వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. అతను చెప్పిన సంగతి చిన్నదే. కంపెనీ క్వార్టర్స్‌లో వంట చేసే నల్గొండ పెద్దాయన ఒకడున్నాడు. ఆయన పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయింది, ఆ యజమానేమో సైన్యం రాగానే దేశం దాటిపోయాడు. ఏదో ఒక కాగితం లేనిదే సరిహద్దు దాటనివ్వరు. ఆ కాగితం దొరికేదాకా ఇతను ఆగాడు, తర్వాత ఇద్దరూ కలిసి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ ఎడారిలో గుడారాల దాకా వచ్చి విమానం ఎక్కారు. ఆయన నీకు చుట్టమా అని నాన్న అడిగాడు. కాదన్నాడు. మీ ఊరాయనా అంటే అదీ కాదన్నాడు. మరి నీకెందుకు అంటే, అదేం ప్రశ్న అన్నట్టు చూశాడట.

“ముసలాయన సార్. ఒక్కన్ని ఎట్ల ఇడిసిపెట్టి వస్త?”

అతను వెళ్ళిపోయాక అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న కుర్చీలోంచి లేవలేదు.

“అన్ని మంచిగనే చెప్పిండు. గందుకే నాకు అనుమానం.”

ఆ మర్నాటి నుంచి నాన్న అశోక్‌నగర్‌లో వాకబు మొదలుపెట్టాడు. కిరాణా కొట్లో, ఇస్త్రీ బండి దగ్గర, అతని అక్కగారి ఎదురింట్లో. కువైట్‌లో పెళ్ళాం ఉందేమో, సైనికులతో చేతులు కలిపాడేమో, ఎవరింట్లోనైనా బంగారం ఎత్తుకొచ్చాడేమో అని ఈయన అడగడమే తప్ప ఎవరూ ఏదీ చెప్పింది లేదు. తప్పు దొరికే కొద్దీ అనుమానం పెరుగుతుందంటారు కానీ, మా నాన్నకు దొరకని కొద్దీ పెరిగింది. ఈలోగా ఈయన అడిగిన ప్రశ్నలే ఆ గల్లీలో వార్తలై తిరిగాయి. యుద్ధం సంగతి తేలనీ, తర్వాత చూద్దాం అని ముహూర్తం వాయిదా వేశాడు. జనవరిలో విమానాలు బాంబులు కురిపించాయి, తర్వాత నూనె బావులు తగలబడి పగలే చీకటయిందని పేపర్లు రాశాయి. ఒక ఆదివారం పొద్దున అతనే మా గేటు దగ్గరికి వచ్చాడు, లోపలికి మాత్రం రాలేదు.

“మీరు అడిగేది అడిగిన్రు, నేను చెప్పేది చెప్పిన సార్. గల్లీల మాటలకు మా అక్క తల ఎత్తుకోలేకపోతుంది. మీకు నమ్మకం కుదిరిననాడు కబురు చెయ్యున్రి.”

కోపంగా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాన్న కబురు చేయలేదు, చేయనని కూడా అనలేదు. నేను రోజూ ఆయన ముఖం చూసి కాఫీ ఇచ్చేదాన్ని.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం తెల్లటి గడ్డం, మాసిన ధోతి, ఒక పెద్దాయన ఇల్లు అడుగుతూ వచ్చాడు. ఆ వంటాయనే. తన మూలంగా ఒక పెళ్ళి ఆగిందని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, జోర్డాన్ గుడారాల్లో తనకు విరేచనాలు పట్టుకుంటే ఆ పిల్లగాడు తన బట్టలు పిండాడని, కన్నకొడుకు కూడా అంత చేయడని చెప్పాడు. చెబుతూ చెబుతూ మా నాన్నకు రెండు చేతులూ జోడించాడు. నాన్న ఆయనకు మర్యాదగా టీ ఇప్పించి, బస్‌స్టాప్‌కు దారి చూపించి వచ్చాడు. ఇప్పుడైనా కబురు చేస్తాడని అమ్మా నేనూ ఆయన వంకే చూస్తున్నాం. చెప్పులు విడుస్తూ నాన్న నెమ్మదిగా అన్నాడు.

“ఈయనను ఎవరు పంపినట్టు?”

నేను పరుగున గేటు దాకా వెళ్ళి గల్లీ చివరిదాకా చూశాను. ముసలాయన ఒక్కడే గోడ నీడ పట్టుకుని మెల్లగా నడిచి వెళుతున్నాడు.

మరుసటి ఏడు గాంధీనగర్ సంబంధానికి నన్నిచ్చారు. మా వారు మంచివారు, ఆయన గురించి వంక పెట్టను. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. దేశాల గురించి ఆయన పడ్డ అనుమానాలు చాలావరకు నిజమయ్యాయి. ఆ తర్వాత ఇంకెన్ని యుద్ధాలొచ్చినా, అక్కడివాళ్ళను కాపాడడానికే వెళుతున్నామని ఎవరు చెప్పినా, నేను ఆయనలాగే నమ్మడం మానేశాను. ఆ రోజుల్లో ఒక మనిషిని అనుమానించాలంటే కనీసం అతని గల్లీ దాకా చెప్పులరగ తిరిగి నలుగురిని అడగాలి. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు మంచం దిగకుండా ఫోనులో ఒక దేశాన్ని నమ్మి, ఇంకో దేశాన్ని అనుమానించి, అన్నం చల్లారకముందే రెండూ మరిచిపోతారు. అది మేలో ఇది మేలో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గరికి పరుగెత్తింది కువైట్ అబ్బాయే ఆయన్ని పంపాడేమో పట్టుకుందామనే అని అమ్మతో చెప్పాను. అమ్మ నమ్మింది. నిజానికి అతను ఆ గల్లీ మలుపులో నిలబడి ఉంటే, ఎందుకు వచ్చావని కూడా అడగకుండా, చెప్పులు లేకుండానే అతని వెంట వెళ్ళిపోయేదాన్ని.