విజయ్ పాల్ వేళ్లు చెప్పిన తేమ

మండపేట రైస్ మిల్లులో ధాన్యం తేమ చూసే విజయ్ పాల్ కుడిచెయ్యి చచ్చిపోయి, ఏడో నెలలో తిరిగి లేచింది. సరే, చెయ్యంతా కాదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. అవి కూడా చావలేదు, వాటికి వెళ్లే నరం చచ్చింది. ఆ నరంలోనూ మణికట్టు నుంచి కిందనున్న ముక్క మాత్రమే. ఇంతకన్నా తగ్గించడం కుదరదు.

తెగడానికి కారణం గౌరవం. ఇరవై ఏళ్లుగా గింజలు నలిపి తేమ శాతం చెబుతున్నందుకు మిల్లు యజమాని శ్రీనివాసరాజు సన్మానపత్రాన్ని పటం కట్టించి ఇచ్చారు. మార్చిలో దాన్ని గోడకి తగిలిస్తుంటే జారి, పగిలిన అద్దం మణికట్టులో దిగింది. సెలవడగడానికి ఫోన్ చేస్తే రాజుగారే ముందు శుభవార్త చెప్పారు.

"తేమ మీటరు కొన్నాం పాల్. నీకెప్పుడైనా ఒంట్లో బాగోకపోతే పనికొస్తుంది."

ఇక తెగిందని ఎలా చెబుతాడు? బెణికిందన్నాడు.

కాకినాడలో డాక్టరమ్మ నరం కొసలు కలిపి కుట్టింది. "కుట్టానని రేపే పనిచెయ్యదండి. తెగిన చోటు నుంచి వేళ్ల దాకా పోగులు చచ్చిపోతాయి. ఒళ్లే ఆ చెత్త ఊడ్చేసి ఖాళీ గొట్టాలు ఉంచుతుంది. పైనుంచి కొత్త పోగులు మొలిచి వాటిలోంచి దిగుతాయి."

"కాలువ కట్టేసి, పూడిక తీసి, నీళ్లొదిలినట్టా అండి?"

"అంతే."

"మరి కాలువ చివరి శివారు పొలానికి ఎప్పుడొస్తాయండి?"

"రోజుకి మిల్లీమీటరు."

'మా ఊరి శివారు కన్నా నయమే' అనుకున్నాడు విజయ్ పాల్.

కట్టు విప్పేసరికి దాళ్వా, అంటే ఎండాకాలపు రెండో పంట ధాన్యం ట్రాక్టర్ల మీద వచ్చిపడింది. వేళ్లు కదులుతున్నాయి గానీ గింజ పట్టుకున్నదీ లేనిదీ తెలియదు. వేడి గిన్నె పట్టుకుంటే భార్య రూతు అరిచాకే కాలినట్టు తెలిసింది. అయినా దర్జాగా బస్తాలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "పదహారు", "పద్దెనిమిది" అనేవాడు. నిజానికి ఒక కన్ను పూర్తిగా మూసేవాడు కాదు. తేమ పెరిగితే ధర తగ్గుతుంది గనక పచ్చి ధాన్యం తెచ్చిన రైతు పలకరింపులు ఎక్కువ చేస్తాడు, టీ చెబుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు. ఎండిన ధాన్యం తెచ్చినవాడు చెప్పులు చూసుకుంటూ నిలబడతాడు. ఈ మహాశాస్త్రంతో సీజను గడిచిపోయింది. మీటరు అట్టపెట్టె దాటలేదు.

సాయంత్రాలు మణికట్టు దగ్గర నుంచి కిందికి తట్టుకుంటూ వెళ్లేవాడు. ఎక్కడ తడితే వేళ్లలో జిల్లుమంటుందో కొత్త పోగు అక్కడిదాకా వచ్చినట్టు. రూతు అక్కడ పెన్నుతో గీత పెట్టేది. జూన్‌లో అరచేతి మధ్య, ఆగస్టుకి వేళ్ల మొదళ్లు. తీరా అక్టోబరు చివర కొసలకు చేరాక చూస్తే, కొన్ని పోగులు దారి తప్పి పక్కింట్లో దిగాయి. బొటనవేలు ముట్టుకుంటే నడిమివేలికి తెలిసేది.

"కళ్లు మూసుకోండి. ఇవేంటో చెప్పండి," అనేది రూతు.

"పెసలు."

"మిరియాలండి. ఏ వేలి మీద పెట్టాను?"

"నడిమివేలు."

"ఖర్మ! బొటనవేలు."

అలా రోజూ తిట్లు తింటూ వేళ్లకి మళ్లీ ఓనమాలు దిద్దించాడు. మిరియం మిరియంలా తెలిసిన ఆదివారం రూతు ఆనందం పట్టలేక చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేసింది, అద్దం పగలడం దగ్గర నుంచి. సోమవారం ఉదయానికి రాజుగారు మీటరు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారు.

"ముందు నువ్వు చెప్పు పాల్. తర్వాత ఇది చెబుతుంది. తేడా వస్తే రేపటి నుంచి ఇదే చూసుకుంటుంది."

మొదటి లోడు పెద్దిరాజుది. ఆ రైతు చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. మొహం పదహారంటోంది. విజయ్ పాల్ గింజలు నలిపాడు. నడిమివేలికి పచ్చి గింజ చల్లదనం తగిలింది, అంటే చల్లబడింది బొటనవేలన్నమాట. మొహాన్ని నమ్మాలా, వేళ్లనా? ఈసారి రెండు కళ్లూ మూశాడు.

"ఇరవై."

మీటరు కూడా ఇరవై అంది. అంతే, పుట్టుకతోనే మాట తక్కువైన పెద్దిరాజు జీవితంలో అతి పెద్ద ప్రసంగం చేశాడు.

"అన్యాయమండీ! దాళ్వాలో ఇంతకన్నా పచ్చివి తెస్తే పదహారన్నారు కదండీ!"

రాజుగారు మెల్లగా విజయ్ పాల్ వైపు తిరిగారు. "ఏంటి పాల్, ఆ సీజనంతా నీ వేళ్లకి స్పర్శే లేదంట? నరం తెగిందంట?"

"నరమా? నాకా?" అన్నాడు విజయ్ పాల్. "తెగిందీ లేదు, చచ్చిందీ లేదు, మొలిచిందీ లేదండి. ఎవరో కట్టుకథ అల్లారు."