గొట్టం అడుగున లేచిన ముద్రలు

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ని. చదివింది భౌతికశాస్త్రం. ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేవాణ్ని. ఇప్పటికీ నమ్మను. అయినా 2005లో షార్జాలో జరిగినదాన్ని జరిగినట్టే రాస్తున్నాను.

అక్కడ పాత వేట తుపాకులు బాగుచేసే వర్క్‌షాపులో నాది రికార్డులు రాసే ఉద్యోగం. పని నేర్పినవాడు ఖాదర్ మామ. నెల్లూరు జిల్లావాడు, పాతికేళ్లుగా అక్కడ మిస్త్రీ. బంధువు కాదు, వరస కలిపి అలా పిలిచేవాణ్ని. తుపాకీ ఎవరు చేశారో, ఎప్పటిదో తెలియాలంటే పైనున్న నగిషీని నమ్మకూడదని, గొట్టాలు విడదీసి అడుగున చూడాలని ఆయనే చెప్పాడు. ఎక్కువ మందు దట్టించి పేల్చి చూసే పరీక్షలో నెగ్గిన గొట్టానికి అక్కడ కిరీటం ముద్ర వేస్తారు. పక్కనే గొట్టం చేసినవాడి పొడి అక్షరాలుంటాయి. ముద్ర తీరును బట్టి కాలం తెలుస్తుంది.

మసకబారిన ముద్రలపై ఆయన సుద్దపొడి చల్లి బొటనవేలితో రుద్దేవాడు. గాట్లలో తెల్లగా సుద్ద నిలిచేది. దానిపై పల్చటి కాగితం పరచి పెన్సిల్‌తో నకలు తీసేవాళ్లం.

"గీకబాకు అబ్బయా. తుప్పుంటే ఉండనీ. పేరు పోతే మళ్లా రాదు," అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్లినప్పుడు మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన షాపు యజమాని, తాతగారి తుపాకీ నా చేతికొచ్చింది. దాని ముద్రలను అప్పటికింకా ఎవరూ చదవలేదు. స్పష్టంగా కనిపించాలన్న ఆత్రంతో, తుప్పు గీకే గరుకు ఎమ్రీ కాగితం పెట్టి రుద్దాను. తుప్పుతో పాటు ముద్రలూ పోయాయి.

తిరిగొచ్చిన మామ ఆ చోటును వేలితో తడిమి చూశాడు. "నేను చేశానని చెప్తా. నువ్వు నోరు మూసుకో," అన్నాడు. మూసుకున్నాను. వారంలో ఆయన వీసా రద్దయింది.

ఊరు చేరాక ఆయన మంచాన పడ్డాడని తెలిసింది. ముద్రలు తేలితే ఖాదర్‌ను వెనక్కి పిలుస్తారా అని కఫీల్‌ను అడిగాను. సరేనన్నాడు. ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం షాపు మూసిన వేళ కూర్చుని సుద్ద రుద్దేవాణ్ని. అయిదు నెలలు ఏమీ కనిపించలేదు.

ఒక బుధవారం రెండుంబావుకు కనిపించాయి. కిరీటం, దాని కింద రెండు అక్షరాలు, పక్కన రవ్వలే తప్ప గుండు వాడరాదన్న ఇంగ్లీషు మాటలు. ఆ మాటలను పందొమ్మిదో శతాబ్దం చివర్లో కొన్నేళ్లు మాత్రమే వేశారు. అరగదీసిన ముద్రను ఆమ్లంతో తేల్చవచ్చని నాకు తెలుసు. నేను ఆమ్లం వాడలేదు. నకలు తీసుకుని కఫీల్ గదికి పరుగెత్తాను.

ఆయన కాగితాన్ని చాలాసేపు చూసి, "యల్లా, ఖాదర్‌కో బులావ్," అన్నాడు. ఆ తప్పు నాదని అప్పుడు చెప్పాను.

"హమ్‌కో మాలూమ్ థా," అన్నాడు. ఖాదర్ ఎమ్రీ ముట్టడని ఆయనకు తెలుసట. ఎవరినో ఒకరిని పంపాల్సిందేనని ఆయన తండ్రి పట్టుబడితే, మా ఇంట్లో మొదట చదువుకున్నవాణ్ని నేనేనని, నన్ను వదిలేయమని మామే బతిమాలాడట.

ఆ గదిలోంచే ఫోన్ చేశాను. మామ కూతురు ఎత్తింది.

"మా అబ్బా ఇప్పుడే పోయినాడన్నా. మూడూ ముక్కాలప్పుడు. పొద్దున్నించీ దుప్పటి మీద బొటనేలితో రుద్దతానే ఉండాడు."

ఊళ్లో మూడూ ముక్కాలంటే షార్జాలో రెండుంబావు.

వర్క్‌షాపుకు తిరిగి వచ్చి చూస్తే గొట్టం అడుగు నున్నగా ఉంది. మళ్లీ సుద్ద వేశాను. నిలవలేదు. ఆ తరువాత ఎన్నడూ నిలవలేదు.

నకలు నా దగ్గరే ఉంది. దాని ఫొటోను ఇంగ్లండులోని ఒక నిపుణుడికి పంపితే, ఆ అక్షరాలు గొట్టాలు చేసే ఒక పాత పనివాడి పేరులోవని, కాలం కూడా సరిపోతుందని జవాబు రాశాడు.

ఆ ముద్రలు ఎలా లేచాయో నేటికీ చెప్పలేను. ఆ అయిదు నెలలు నిజం ఎందుకు చెప్పలేదో మాత్రం చెప్పగలను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.