అంతయ్య తొక్కిన సైకిల్

పోతారంలో దొరల ఇంటిని గడి అంటారు. గడి ముందు నుంచి సైకిల్ మీద ఎవరూ పోకూడదు. మలుపులోనే దిగాలి, చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి, సైకిల్‌ను నడిపించుకుంటూ గోడ దాటాలి, ఆ తరవాతే మళ్లీ ఎక్కాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన సంగతి కాదు. రాసి ఉంటే కనీసం చదివి తిట్టుకునే వీలైనా ఉండేది. 1969లో అంతయ్యకు ఇరవయ్యేళ్లు. వేములవాడలో కిరాయి సైకిల్ తీసుకుని, కొత్తగా కాపురానికొచ్చిన ఐలవ్వకు చూపిద్దామని ఊళ్లోకి తొక్కుకుంటూ వచ్చాడు. పెళ్లాం ఎంత మురుస్తుందో తలుచుకుంటూ వస్తున్న మనిషికి గడి గోడ కనపడలేదు.

అరుగు మీద ఉన్న మధుసూదన్‌రావు కొట్టలేదు, తిట్టలేదు. అప్పటికి ఆయనా చిన్నదొరే, ముప్పై దాటలేదు. "సైకిల్ మీద నీకు గంత ముచ్చటుంటే బుజం మీద ఎక్కిచ్చుకోరాదురా" అన్నాడు నవ్వుతూ. అంతయ్య సైకిల్‌ను భుజానికెత్తుకుని గడి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మూడో చుట్టులో బిందెతో ఐలవ్వ ఎదురొచ్చింది, చూసి తల తిప్పుకుంది.

"కింద పారేసి రాకపోతివా?" అంది ఇంటికొచ్చాక.

"దొర మాట ఎట్ల దాటుతనే?" అన్నాడు అంతయ్య.

ఆ తరవాత అతను సైకిల్ ఎక్కలేదు. తండ్రి చేసిన జీతమే తనూ చేశాడు. గొడ్లు, వడ్లు, దొర స్నానానికి వేడినీళ్లు, దొర కాళ్లకు నూనె. ఆ తండ్రికి పెద్దదొర, అంటే మధుసూదన్‌రావు తండ్రి, గడి వెనక అయిదు గుంటల జాగ చూపించి గుడిసె వేసుకోమన్నాడు. గుడిసె పోయి మట్టిగోడల ఇల్లయింది, గూనపెంకు పడింది, ఐలవ్వ ఇంటి ముందు రెండు చెట్లు పెంచింది. కాగితం మాత్రం లేదు. దొర నోటిమాటే కాగితం అనుకునే కాలం అది.

కాలం మారింది. ఊళ్లల్లో దొరలను ఎదిరించే రైతుకూలీ సంఘాలొచ్చాయి. గడి ముందు సైకిళ్లు గంట కొట్టుకుంటూ పోవడం మొదలైంది. మధుసూదన్‌రావు ఒక తెల్లవారుజామున భార్య సరళాదేవిని జీపెక్కించుకుని కరీంనగర్ చేరాడు, మళ్లీ ఊరి మొహం చూడలేదు. అంతయ్య ఐలవ్వను ఇంటి దగ్గరే ఉంచి, ఆ జీపు వెనకాలే బస్సులో వెళ్లాడు. ఊరంతా నవ్వింది. "దొరలే పోయిన్రు, నువ్వెందుకు పోతున్నవ్?" అని మొహం మీదే అడిగారు. ఆ జాగ కోసం పోతున్నానని చెప్పలేక, అలవాటై పోతున్నానని ఒప్పుకోలేక అంతయ్య ఇంకోవైపు చూశాడు. నన్నడిగితే రెండూ నిజమే.

1990 దగ్గర పడుతుండగా రెండు సంగతులు ఒకేసారి వచ్చాయి. గడిని, దాని చుట్టూ ఉన్న జాగనంతా ఒక రైస్‌మిల్లు ఆసామి కొంటానన్నాడు. అదే నెలలో దొరకు గుండెనొప్పి వచ్చింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక అంతయ్య కాళ్లు పిసుకుతూ మెల్లగా అడిగాడు. "మా ఇంటి జాగ గూడ అమ్ముతరా దొరా?"

"నీ అయిదు గుంటలు ముందుగాల నీ పేర్న రాసిచ్చే మిగిలింది అమ్ముత. సంతకం పెట్టాల్నంటే రిజిస్ట్రీ ఆఫీసు మేడ ఎక్కాలె గదా. మెట్లెక్కే తాకత్ రానీ" అన్నాడు దొర. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. మంచితనం అప్పుడప్పుడు ఆయనకూ వచ్చేది, జలుబు వచ్చినట్టు.

అంతే, అంతయ్య బతుకంతా ఆ మెట్ల మీదికి చేరింది. దొర ఒళ్లు బాగుపడాలి. దొర మెట్లెక్కాలి. ఐలవ్వ ఇల్లు నిలవాలి.

పొద్దున్నే నడవమన్నాడు డాక్టరు. దొర ఒక్కరోజు నడిచాడు. సందు చివర చాయ హోటల్ ముందు నలుగురు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. దొర వాళ్ల ముందు నుంచి పోయాడు, దొర వెనక టవల్ పట్టుకుని అంతయ్య పోయాడు. ఒక్కడూ లేవలేదు. ఒకడు మాత్రం పక్కకు జరిగి, "కూసుంటరా పెద్దమనిషి?" అని మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదే దొరకు కొరడా దెబ్బలా తగిలింది. ఇంటికొచ్చి చెప్పులు విసిరేశాడు. నడక ఆ రోజుతో సరి.

"రోడ్డు మీదికి పోకుంట ఇంట్లనే కసరత్ చేసేది ఏదన్న ఉన్నదా?" అని డాక్టరును అడిగాడు. ఉంది, కదలకుండా ఒకచోటే నిలబడే సైకిల్. కాళ్లతో పాటు చేతులూ ఆడేది చూసి తీసుకోమన్నాడు డాక్టరు. ఒళ్లంతా కదలాలి, రోజూ అరగంట, ఎన్ని కిలోమీటర్లు తొక్కిందీ రాసి తనకు చూపించాలి.

గడియారం టవర్ దగ్గరి ఆటసామాన్ల దుకాణంలో అలాంటివి రెండున్నాయి. దుకాణదారు దొరకు కుర్చీ వేయించి, సైకిల్ ఎక్కి చూసుకోమన్నాడు. బజారులో, గాజు తలుపుల దుకాణంలో, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా దొర సైకిల్ ఎక్కడమా!

"అంతిగా, నువ్వెక్కి చూడురా."

అంతయ్య చెప్పులు బయట విడిచాడు. దొర ముందు సైకిలెక్కడానికి కాలు లేవలేదు. రెండోసారి గద్దిస్తే గానీ ఎక్కలేదు.

మొదటిది పొట్టిది, చేతులు కూడా పొట్టివే, పెద్ద బరువు లేకుండా తిరుగుతుంది. కాళ్లు ముడుచుకుని కూర్చోవలసి వచ్చింది అంతయ్యకు. రెండోది ఎత్తుగా, ఇనుముతో బిర్రుగా ఉంది. దుకాణదారు మర తిప్పి సీటును అంతయ్య కాళ్లకు సరిపోయేలా పైకి లేపాడు. తొక్కితే చేతికర్రలు ముందుకీ వెనక్కీ ఆడాయి, వీపు సాగింది, భుజాలు విచ్చుకున్నాయి. ముందున్న మీటరులో అంకెలు కదిలాయి. ఇరవయ్యేళ్ల కింద వేములవాడ దారిలో తగిలిన గాలి అంతయ్యకు గుర్తుకొచ్చింది.

"నీకెట్లున్నదిరా? ఏది మంచిగున్నది?" అని అడిగాడు దొర.

ఇన్నేళ్లలో నీకెలా ఉందని దొర అతన్ని అడగడం అదే మొదలు. అక్కడే తప్పు జరిగింది. అడిగింది దొర ఒంటి గురించి. అంతయ్య తన ఒంటి గురించి చెప్పాడు. "గిది మస్తుగున్నది దొరా, గీ ఎత్తుది" అన్నాడు. పొట్టీ, బొజ్జా ఉన్న మనిషికి ఆ పొట్టిదే నయమన్న సంగతి ఇంటికొచ్చి సైకిల్ దించాకగానీ తట్టలేదు.

సీటును అడుగంటా దించినా దొరకు అది గుర్రమెక్కినట్టే అయింది. మొదటి రోజు అయిదు నిమిషాలు తొక్కాడు. చేతికర్ర వచ్చి బొజ్జకు తగులుతోంది. రెండో రోజు మూడు నిమిషాలు. మూడో రోజు గది తలుపు వేయించి కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు.

"నువ్ తొక్కరా."

"నేనా దొరా?"

"డాక్టర్కు అంకెలు కావాలె. తొక్కు. దొర్సానికి తెల్వద్దు."

అంతయ్య సీటు మళ్లీ పైకి లేపుకుని తొక్కాడు. దొర పేపరు మడిచినప్పుడల్లా అలవాటు కొద్దీ దిగి నిలబడేవాడు. "దిగకురా, మీటర్ ఆగుతది" అని దొర విసుక్కునేవాడు. బయట పూజగదిలో సరళాదేవి ఆ చప్పుడు వింటూ దీపం పెట్టుకునేది. చప్పుడు ఆగగానే గుడ్లు, పాలు లోపలికి వచ్చేవి. దొర తినేవాడు. చెమట తుడుచుకుని అంతయ్య వెనక గుమ్మంలో చాయ తాగేవాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కష్టం ఒకరిది, బలం ఒకరికి, అదీ సైకిల్ సాక్షిగా!

అంతయ్య తెలివితక్కువవాడేం కాదు. తను తొక్కితే దొరకు తాకత్ రాదని, తాకత్ రాకపోతే మెట్లెక్కలేడని అతనికి రోజూ తెలుస్తూనే ఉంది. ఒకరోజు ధైర్యం చేసి అన్నాడు. "జర మీరు గూడ తొక్కున్రి దొరా. మెట్లెక్కాలె గదా."

"నా మెట్ల ఫికర్ నీకెందుకురా? నీ జాగ కోసమా?"

అంతయ్య మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. దొరసానికి చెబుదామని రెండుసార్లు పూజగది దాకా వెళ్లాడు. చెబితే దొరకు కోపమొస్తుంది, జాగ పోతుంది. చెప్పకపోతే దొరే పోతాడేమో. ఆ రెండోదాన్ని అతను చివరిదాకా ఆలోచించలేదు. ముప్పావు బతుకు ఎవరో చెప్పింది చేసిన మనిషికి ఆలోచనను కొసదాకా లాగడం అలవాటు ఉండదు.

డాక్టరు అంకెలు చూసి మురిసిపోయాడు. అడిగితే ఆయాసం లేదని చెబుతున్నాడు దొర, కుర్చీలోంచి లేవని మనిషికి ఆయాసం ఎక్కడిది? ఇక మెట్లెక్కినా ఫరవాలేదన్నాడు డాక్టరు. విచిత్రం ఏమిటంటే దొర కూడా ఆ అంకెల్ని నమ్మాడు. "నాలుగు నెలల్ల నాలుగు వందల కిలోమీటర్లయింది. నేను మునుపటి లెక్క అయిన" అని చుట్టాలతో చెప్పడం అంతయ్య తన చెవులతో విన్నాడు.

రిజిస్ట్రీ రోజు దొర తెల్లటి ధోవతి కట్టాడు. అయిదు గుంటల కాగితం జేబులో ఉంది. ఆఫీసు మెట్ల దగ్గర జనం బాగానే ఉన్నారు. "బుజం పట్టుకోన్రి దొరా" అని అంతయ్య ఒంగాడు. నలుగురిలో జీతగాడి భుజం పట్టుకోవడమా? దొర చేయి విదిలించుకుని ముందు నడిచాడు. మొత్తం ఇరవై రెండు మెట్లు. అంతయ్య కింద నుంచి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పద్నాలుగో మెట్టు మీద దొర కూర్చున్నాడు. నీళ్లు తెచ్చేలోపే ఒరిగిపోయాడు. జేబులో కాగితం మడత కూడా విప్పలేదు.

కర్మలన్నీ అయ్యాక సరళాదేవి అంతయ్యను ఆ గదిలోకి పిలిచింది. కళ్లు తుడుచుకుంటూ మీటరు చూసింది.

"గిన్ని కిలోమీటర్లు తొక్కిండు అంతయ్యా. నా కోసం ఎంత కష్టపడ్డడో. అయినా దేవుడు నిలవనియ్యలే."

ఆమెకు ఏమనిపించిందో, చీర కుచ్చెళ్లు పట్టుకుని సైకిలెక్కింది. భర్త కూర్చున్న చోట ఒక్కసారి కూర్చోవాలనుకుంది కాబోలు. కూర్చుంది. కాళ్లు కిందికి వేలాడాయి. పాదానికీ పెడలుకూ మధ్య జానెడు సందు. ఆమె ఆ సందును చాలాసేపు చూసింది. మొగుడూ పెళ్లాలు ఇద్దరిదీ ఒకటే ఎత్తు, పెళ్లినాడే అందరూ చెప్పుకుని నవ్విన సంగతి. అక్కణ్నుంచి చూపు అంతయ్య పొడుగు కాళ్ల మీదికి పోయింది.

"ఎవలు తొక్కిన్రు గిది?"

"నేనే దొర్సాని. దొర తొక్కుమన్నరు."

"నేను గీ తలుపవతల్నే ఉంటి గదా. నాకొక్క మాట చెప్తె ఏమైతుండె?"

భర్తను ఏమీ అనలేని ఆమె, కోపమంతా అందుబాటులో ఉన్నవాడి మీద పెట్టింది. "ఆ జాగ ముచ్చట ఇంక నా ముంగట ఎత్తకు. గీ సైకిల్ నా కండ్లకు కనపడద్దు, తీస్కపో" అంది.

అంతయ్య సైకిల్‌ను భుజానికెత్తుకున్నాడు. బస్సు మీద వేసుకుని పోతారంలో దిగి, మళ్లీ ఎత్తుకుని గడి ముందు నుంచే నడిచాడు. గడికి తాళం వేసి ఉంది. అరుగు మీద కుక్క పడుకుంది. అయినా మలుపులోనే చెప్పులు విడిచాడు.

ఐలవ్వ సైకిల్ చూసింది, కాగితం అడిగింది. అంతయ్య జరిగిందంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు.

"దొర్సానికి ఒక్క మాట చెప్తె ఆయిన బతుకుతుండె. మన ఇల్లు నిలుస్తుండె."

"దొర మాట ఎట్ల దాటుతనే?"

"గా సైకిల్ మోసిన్నాడు గూడ గిదే మాటన్నవ్" అంది ఐలవ్వ. అని లోపలికి పోయి సామాను సర్దడం మొదలుపెట్టింది.

సరళాదేవి గడితో పాటు జాగంతా అమ్మేసింది. నెల తిరక్కుండా రైస్‌మిల్లు ఆసామి మనుషులు కొలత గొలుసుతో వచ్చారు. ఇంటి ముందు చెట్ల దగ్గరి నుంచి కొలవాలి, వాళ్లకు ఒక మనిషి తక్కువయ్యాడు. గుమ్మంలో నిలబడి ఉన్న అంతయ్యను పిలిచి, ఈ కొస పట్టుకోమన్నారు. అంతయ్య పట్టుకున్నాడు.