నీళ్ళు తేటపడ్డాక

మా ఊళ్ళో తెల్లచొక్కా కొనుక్కునేవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. పొద్దున డాబా మీద ఆరేస్తే మధ్యాహ్నానికల్లా పోర్టు బొగ్గు దాని సంగతి తేల్చేస్తుంది. అందుకే మా వాళ్ళ లెక్కలో కంటికి కనిపించిందే మురికి. కనిపించకపోతే శుభ్రం.

తాగే నీళ్ళకీ అదే లెక్క. మాకు నీళ్ళు కొండల వెనక రిజర్వాయరు నుంచి వస్తాయి. దాని ఎగువన ఊరు లేదు, ఫ్యాక్టరీ లేదు. ఈ చుట్టుపక్కల అలాంటి చోటొకటి మిగలడమే విశేషం. నీళ్ళు మంచివే కదా అని చాలాకాలం క్లోరిన్ కలిపి వదిలేసేవారు. వానాకాలంలో మాత్రం టీ రంగులో వచ్చేవి. మా అక్క కుళాయి మూతికి పాత పంచెగుడ్డ కట్టి, పట్టిన నీళ్ళని పెద్ద తపేలాలో మరగబెట్టేది. ఆ అలవాటు ఏడాది పొడుగునా సాగేది.

తర్వాత అక్కడ ఇసుక ఫిల్టర్లు కట్టారు. ఆ వానాకాలం నీళ్ళు అద్దంలా వచ్చాయి. అక్క గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, "ఇంకేటి కాసేది? గ్యాసు దండగ" అంది.

"ఈ ఊల్లో బొగ్గంటని సరుకు ఇదొక్కటేరా" అంటూ బావ రెండో గ్లాసు తాగాడు.

వీధంతా కుళాయి గుడ్డలు విప్పేసింది. అక్క తపేలాలో మట్టి పోసి మిరపమొక్క పెట్టింది.

ఈ ఏడాది అక్కకి కామెర్లు వచ్చాయి. వీధిలో ఇంకొందరికీ వచ్చి తగ్గాయి. అక్కకి తగ్గలేదు. లివరు పాడైందన్నారు.

నీళ్ళు పరీక్షించడానికి ఒకాయన వచ్చాడు. ఫిల్టరు దగ్గర నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. నిజమే. రోజూ అక్కడికెళ్ళి తాగి వస్తే మాకే ఇబ్బందీ లేదు. అక్కణ్ణించి వచ్చే పాత పైపు మా వీధి మురిక్కాలవలో మునిగి ఉంటుంది. నీళ్ళు వదలని వేళల్లో చిల్లుల్లోంచి కాలవని పీల్చుకుంటుంది. ఆయన మా కుళాయి నీళ్ళు గాజుగొట్టంలో పట్టి మందుచుక్కలు వేశాడు.

"క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరగాలండి."

తిరగలేదు. ఆ రంగు అప్పటికే అక్క కళ్ళలో ఉంది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళిపోయినా పర్వాలేదన్నాడు. లోపల బావ ఫ్లాస్కులోంచి మరగబెట్టిన నీళ్ళు చెంచాతో అక్క నోట్లో పోస్తున్నాడు. ఏదో ఒక మంచి వార్త చెప్పాలి కదా అని, "ఫిల్టరు బాగానే పనిచేస్తోందట" అన్నాను.

అక్క కళ్ళు తెరవకుండానే అంది.

"బురద నీలొచ్చినన్నాలూ కాసుకు తాగినాం, బతికినాం. బాగు సేసి సంపేసినార్రా."