నాటకానికి ముందే భోజనం

హైదరాబాదులో నాటకం చూడటానికి వెళ్లినప్పుడు మేం దిగిన హోటల్‌కు అద్దాల లిఫ్టు ఉంది. గది కిటికీలోంచి చూస్తే నగరమంతా కాళ్ల కింద పరిచినట్టుండేది. భద్రాచలంలో నన్నెరిగిన వాళ్లందరికీ ఇలాగే చెప్పాను. లిఫ్టు ఉన్న మాట నిజమే గాని అది ఎదురు భవనానిది. మాది లాడ్జి. కింది అంతస్తులో, నీళ్ల మోటారు పక్కన గది. కిటికీ తీస్తే గోడ. కాని ఆ గది దొరకడానికి నేను ఎన్ని ఫోన్లు చేశానో నాకే తెలుసు. మెట్లు ఉండకూడదు, నాటకం హాలుకు దగ్గర కావాలి, మంచం ఎత్తుగా ఉండాలి. నాతో వచ్చే మనిషి నాలుగు మెట్లెక్కితే ఆయాసంతో కూలబడేవాడు.

ఆ మనిషి మా ఊరి దర్జీ. రెండు కిడ్నీలూ పాడై, సోమ, బుధ, శుక్రవారాలు దవాఖానాలో డయాలిసిస్ చేయించుకుంటూ బతుకుతున్నవాడు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి. నేను బస్సులో టికెట్లు కొట్టడం మానేసి ఏళ్లు గడిచినా అతను మాత్రం నన్ను కండక్టర్ అనే పిలిచేవాడు.

వయసులో ఉన్నప్పుడు మేమిద్దరం ఒకే నాటక బృందంలో తిరిగాం. అటు పినపాక నుంచి ఇటు అశ్వారావుపేట దాకా మేం ఆడని ఊరు లేదు. నేను రాజు వేషం కట్టి రాగం ఎత్తుకుంటే గోదావరి అవతలి గట్టున పడుకున్నవాళ్లు లేచి కూర్చునేవారు. సరే, రాజు వేషం నేను కట్టలేదు. తెర లాగేవాణ్ణి. ఒకసారి అసలు రాజుకు జ్వరమొస్తే నన్ను కట్టమన్నారు. నాకు మీసం అతికించేలోపు అతనికి జ్వరం తగ్గింది. భాయ్ సంగతి మాత్రం అబద్ధం కాదు. ఆ రాజుల అంగరఖాలూ, రాణుల జరీ అంచులూ, భటుల ఎర్ర చొక్కాలూ అన్నీ అతని చేతుల్లో పుట్టినవే. నాటకం నడుస్తున్నంతసేపూ సూదీదారం పట్టుకుని వేదిక వెనకే నిలబడేవాడు. ఊడిన గుండీ కుట్టాలి, పిగిలిన చంక కుట్టాలి. ఏ నాటకమైనా అతను చూసింది వేషగాళ్ల వీపులే.

ఒక శుక్రవారం డయాలిసిస్ ముగిశాక, చేతికి దూది అదుముకుని పడుకున్నవాడు ఉన్నట్టుండి అన్నాడు.

"కండక్టర్, ఒక్క నాటకం ముంగట కూసోని చూడాలె. షురూ నుంచి ఆఖరు దాంక. పెద్ద షహర్ల, పెద్ద స్టేజీ మీద."

"పోదాం తియ్యి."

"తియ్యి గాదు, జల్దీ జెయ్యి. నేను ఎక్కువ రోజులు ఆగ."

గిరాకీకి గడువు చెప్పినట్టే చెప్పాడు.

నేను లెక్క వేశాను. శుక్రవారం దవాఖానా, శనివారం తెల్లవారగానే బస్సు, సాయంత్రం నాటకం, ఆదివారం తిరుగు బస్సు, సోమవారం మళ్లీ దవాఖానా. ఈ నడుమ అతను తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే నిలిచిపోతుంది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి ఊపిరాడదు. అందుకని రోజుకు ఒక చిన్న సీసాడు నీళ్లే. ఉప్పు తింటే దాహం వేస్తుంది కాబట్టి ఉప్పు కూడా వద్దు. బయలుదేరే ముందు అతని భార్య ఉప్పులేని రొట్టెలు గుడ్డలో కట్టిచ్చి, నన్ను వాకిట్లో ఆపింది.

"అన్నా, నీళ్ల సీసాలు మీ సంచిలనే పెట్టుకోండ్రి. అడుగుతడు. ఇయ్యొద్దు."

"నేనున్న గద చెల్లె, ఫికర్ జెయ్యకు."

"మీరున్నరనే ఫికర్," అన్నది.

లాడ్జిలో దిగాక అతను మంచం మీద వాలాడు. ఏడు గంటల నాటకం. పావుగంట ముందే వచ్చి కూర్చోవాలని టికెట్ మీద ఉంది. ముందు వరుసలో రెండు కుర్చీలు మావి. ఇక తేలాల్సింది భోజనం సంగతే. నాటకానికి ముందు తినాలా, తర్వాతా?

"ఏడుకని ఉన్నది. తిండి తర్వాత పెట్టుకుందామా?" అన్నాను.

భాయ్ కళ్లు మూసుకునే నవ్వాడు. "ఏడంటే ఏడేనా యార్? నువ్వు ఎన్నడన్న టైముకు తెర లాగినవా?"

"నువ్వు కుట్టుడు అయితే గద నేను లాగుడు!"

"అవ్. జనం ఈలలేస్తుంటే రాజును నిలబెట్టి చంకల కుట్టిన. నేను అయినంక సర్పంచి మాట్లాడాలె. శాలువ కప్పాలె. మైకు కూయాలె. తొమ్మిదైతది. గప్పటిదాంక కడుపు కాల్చుకొని కూసునుడు నాతోని గాదు."

ఇందులో తప్పేమీ నాకూ కనిపించలేదు. నాటకం ఎలా మొదలవుతుందో మాకంటే ఎవరికి తెలుసు? జనం వచ్చి, విసిగి, పిల్లలు నిద్రపోయాకే మా తెర లేచేది.

తలపాగాల బేరర్లు వంగి సలాం కొట్టే చోట భోంచేశామని కూడా చెప్పుకున్నాను. తలపాగా లేదు, సలాం లేదు. లాడ్జి సందు చివర, రాతి బల్లల హోటల్ అది. నేను సంచిలోంచి రొట్టెల మూట తీయబోతే భాయ్ నా చేయి పట్టుకున్నాడు.

"ఉప్పులేని రొట్టె తిని నాటకం చూస్తే కబర్ల పండుకొని చూసినట్టుంటది. బిర్యానీ చెప్పు."

"నీ బీవీ నన్ను సంపుతది."

"నన్ను సంపుడు అయినంక గద నీ వంతు. ఒక్క ప్లేటే. ఇద్దరం తిందాం."

తిన్నాడు. ఎంతో కాలేదు, గుప్పెడు మెతుకులు, రెండు ముక్కలు. కాని ఆ కొంచెం తినడానికి ఎంతసేపు పట్టిందని! ఎముకను అటు తిప్పి ఇటు తిప్పి చప్పరించాడు. నాలుకకు ఉప్పు తగిలి ఎన్నాళ్లయిందో. నేను లేవబోయాను. "కూసో, ఇంక మైకు గూడ కట్టి ఉండరు," అన్నాడు. నేను కూర్చున్నాను.

ఆటోలో హాలుకు వెళ్లేసరికి ఆవరణంతా ఖాళీగా ఉంది. జనం లేరు, చాయ్ బండి లేదు, పల్లీలు అమ్మేవాళ్లు లేరు.

"చూసినవా? మనమే ముందుగాల వచ్చినం," అన్నాడు భాయ్. అతని ముఖంలో పెళ్లికళ.

గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న కాపలామనిషి లేచి మా టికెట్లు చూశాడు.

"ఎప్పుడో షురూ అయింది సార్. తలుపులు మూసినంక లోపలికి పంపొద్దన్నరు."

"ఇంటర్వెల్‌ల పంపు తమ్మీ," అన్నాను.

"ఇంటర్వెల్ లేదు. ఇంకో అర్ధగంటల అయిపోతది."

అప్పుడు నేను నా పాత విద్య బయటికి తీశాను. మేం మామూలు మనుషులం కాదని, అడవి సరిహద్దు ఊళ్లలో పేరు మోసిన కళాకారులమని, నేను రాజు వేషాలు కట్టినవాణ్ణని చెప్పాను. వయసుకు తగ్గట్టు గొంతు కూడా వణికించాను. అతను కరిగాడు.

"గట్లయితే ఇటు ఎనక గేటు నుంచి పోండ్రి సార్. స్టేజీ పక్కన నిలబడి చూడొచ్చు. ఎవలన్న అడిగితే ఆర్టిస్టులం అనుండ్రి."

నేను సంబరంగా భాయ్ వైపు తిరిగాను. అతను అప్పటికే మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎనక నుంచి సచ్చినా చూడ," అన్నాడు.

"కొంచెమన్న చూస్తవ్ గద..."

"నువ్వు పో. రాజువు గద."

నేనూ పక్కన కూర్చున్నాను. లోపల జనం నవ్వారు. కాసేపటికి చప్పట్లు కొట్టారు. మూసిన తలుపులోంచి మాటలు తెలియలేదు, ఒక ఆడమనిషి గొంతు మాత్రం పైకి లేచి ఆగింది. భాయ్ చెయ్యి చాపాడు.

"సీసా ఇయ్."

"ఇయ్యాల్టిది అయిపోయింది."

"రేపటిది ఇయ్."

ఇచ్చాను. గటగటా తాగేశాడు. వరండా చివర స్టీలు గ్లాసు కట్టేసిన నీళ్ల పంపు ఉంది. గోడ పట్టుకుని లేచి అక్కడికి పోయాడు. నేను వెంటపోయి చొక్కా చెయ్యి పట్టుకున్నాను. అతను నన్ను తిట్టలేదు, విదిలించుకోలేదు. ఊరికే నా మొహం చూశాడు. నేను వదిలేశాను. గ్లాసు నింపుకుని తాగాడు, మళ్లీ నింపుకున్నాడు.

తలుపులు తెరుచుకుని జనం బయటికి వచ్చారు. "ఎంత బాగా చేశారో," అని ఒకామె ఫోన్‌లో చెబుతూ మా పక్కనుంచే దిగిపోయింది. భాయ్ తల దించుకుని కూర్చున్నాడు.

మర్నాడు బస్సులో అతని ముఖం ఉబ్బింది. వెనక్కి ఆనుకుంటే ఊపిరాడటం లేదని ముందు సీటు కడ్డీ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. పీల్చిన ప్రతిసారీ లోపల తడిగుడ్డ ఈడ్చినట్టు చప్పుడు. ఆ దారిలో ప్రతి మలుపూ నాకు తెలుసు. ఆ రోజు మాత్రం ఒక్క మలుపూ తరగలేదు. సోమవారం దాకా ఆగలేదు, బస్టాండు నుంచి నేరుగా దవాఖానాకే తీసుకుపోయాను. అతని భార్య వచ్చింది. సంచిలోని మూట విప్పి, ఎండిపోయిన రొట్టెలు చూసి, మళ్లీ ముడి వేసింది.

బతికి బయటపడ్డాడు. బుధవారం డయాలిసిస్‌లో పక్క మంచం ఆయన అడిగాడు, నాటకం ఎట్లుండె అని. నేను అందుకున్నాను. మఖమల్ తెర, ముందు వరుస, రాజు కిరీటం మీద పడి మెరిసే దీపాలు. రెండో రంగం దాకా పోయానో లేదో, భాయ్ కళ్లు తెరిచాడు.

"ఆపు కండక్టర్. మేం చూడలే అన్నా. తినుకుంట కూసున్నం."

ఆయన వెళ్లిపోయాక మెల్లగా అడిగాడు. "ఇంకోటి ఎప్పుడున్నదో చూడు."

"చూసిన. వచ్చే నెల. ముంగటి కుర్చీలే బుక్ చేసిన."

"ఈసారి తిండి తర్వాత పెట్టుకుందాం."

"గట్లనే."

ఇంకోసారి బస్సెక్కిస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు అప్పటికే నాతో అన్నాడు. నేను ఏ కుర్చీలూ బుక్ చేయలేదు. అయినా డయాలిసిస్‌కు పోయిన ప్రతిసారీ అతను అడిగేవాడు, హోటల్ అదేనా, మంచం ఎత్తుందా, హాలు ఎంత దూరమని. నేను చెబుతూ పోయేవాణ్ణి. ఈసారి హోటల్ హాలు పక్కనే అన్నాను. నాటకం ఐదు నిమిషాలు కూడా ఆలస్యం కాదట, ఐదింటికే పోయి కూర్చుందామన్నాను. ఆ వచ్చే నెల రాకముందే అతను పోయాడు.

ఆ నాటకానికి నేనొక్కణ్ణే వెళ్లానని, పక్క కుర్చీలో అతని టోపీ పెట్టి ఆఖరు దాకా చూశానని తర్వాత కొందరికి చెప్పాను. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను వెళ్లలేదు. అసలు ఆ నాటకమే లేదు. భర్త పోయిన ఆడమనిషి ఇల్లు కదలకుండా ఉండాల్సిన నాలుగు నెలల పది రోజుల గడువు తీరి, అతని భార్య మనుషుల ముందుకు వచ్చాక, ఓదార్పుగా ఉంటుందని ఆమెకు కూడా అదే చెప్పాను. ఆమె అంతా విన్నది.

"టోపీ ఇంట్లనే ఉండె అన్నా," అని, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.